నాన్నగారికి డిప్రెషన్, పైగా మతిమరుపు: టీఎంఎస్ చేయించాలా, ఈసీటీ చేయించాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తా, మిగతా వాళ్ళకి కూడా అర్థమవుతుంది. నాన్నగారికి 73, రిటైర్డ్ లెక్కల మాస్టారు, షుగర్ ఉంది. అమ్మగారు పోయి రెండేళ్ళు, అప్పట్నుంచి మనిషి ఓ మూల కూర్చుండిపోయారు, పేపర్ పట్టుకోరు, అడిగిందే అడుగుతారు, మందులు వేసుకున్నారో లేదో గుర్తుండదు. ఎమ్మారైలో మెదడు కొంచెం కుంచించుకుపోయిందన్నారు, న్యూరాలజిస్ట్ ఎంసీఐ అని రాశారు, అంటే డిమెన్షియా దాకా రాలేదు గానీ వయసుకి మించిన మతిమరుపు ఉందని. డిప్రెషన్ మందులు ఎస్సిటలోప్రామ్, తర్వాత మిర్టజపైన్ వాడారు, పెద్ద మార్పు లేదు. ఒక సైకియాట్రిస్ట్ టీఎంఎస్ (తల మీద అయస్కాంతం పెట్టి మెదడుని ఉత్తేజపరిచేది) చేయించమన్నారు, ఇంకొకరు ఈసీటీ (మత్తిచ్చి, తలకి కరెంటు పెట్టి ఫిట్ తెప్పించేది, జనం షాక్ ట్రీట్‌మెంట్ అనేది) అన్నారు, మీ తమ్ముడేమో "షాకులిచ్చి ఉన్న జ్ఞాపకం కూడా తుడిచేస్తారా" అని అడ్డం తిరిగాడు.

నేను పెద్దవాళ్ళ సైకియాట్రీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నా, మా దగ్గర రెండు మెషిన్లూ ఉన్నాయి. మతిమరుపు ఉన్నా చేయించొచ్చు అనే చెప్తాను. కానీ ఈ రెండిట్లో ఏది అన్నది ఆయన మతిమరుపుని చూసి తేల్చేది కాదండి, ఆయన అన్నం తింటున్నారా, నీళ్ళు తాగుతున్నారా, చచ్చిపోవాలనే మాటలు వస్తున్నాయా, లేనిపోని భ్రమలు ఏమన్నా ఉన్నాయా, వీటిని చూసి తేల్చాలి. మా దగ్గరికొచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది "షాక్" అనే మాటకి భయపడి నెలలు నెలలు గడిపేస్తారు, ఆ నెలల్లో డిప్రెషనే మనిషిని, జ్ఞాపకాన్ని కలిపి తినేస్తుంటుంది, దాని లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు.

అయితే మెషిన్ కంటే ముందు ఒక పనుంది. మీరు రాసిన మందుల లిస్టులో కాళ్ళ మంటలకని అమిట్రిప్టిలిన్, నిద్రకని క్లోనజెపామ్ ఉన్నాయి, రెండూ చాలా కాలంగా నడుస్తున్నాయన్నారు. అమిట్రిప్టిలిన్ ఏం చేస్తుందంటే మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది, అల్జీమర్స్ వాళ్ళకిచ్చే డోనెపెజిల్ సరిగ్గా ఆ రసాయనాన్నే పెంచడానికి పెట్టే మందు. అంటే ఒక డాక్టరు గేరు ముందుకేస్తే ఇంకో డాక్టరు వెనక్కేసినట్టు, పేషెంట్ మధ్యలో నలిగిపోతాడు. వణుకు తగ్గడానికి ఇచ్చే ప్యాసిటేన్, మూత్రం ఆగట్లేదని ఇచ్చే ఆక్సిబ్యూటినిన్, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రలు కొన్ని, ఇవన్నీ ఆ బాపతే. క్లోనజెపామ్ వేరే రకం, మత్తుగా ఉంచుతుంది, పగలు కూడా మబ్బు దిగదు, పడిపోయి తుంటి విరగ్గొట్టుకునేది కూడా దీనివల్లే. ఈసీటీలో ఫిట్ సరిగ్గా రాకుండా అడ్డం పడుతుంది, టీఎంఎస్ కూడా ఇలాంటి మత్తు మాత్రల మీద ఉన్నవాళ్ళలో కొంచెం తక్కువ పనిచేస్తోందని స్టడీల్లో కనిపించింది. మీ అంతట మీరు రేపే ఆపెయ్యకండి దయచేసి, క్లోనజెపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చెప్పిన లెక్కలో వారాల మీద తగ్గించాలి.

దాంతోపాటు రక్తంలో సోడియం చూపించండి, ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు పెద్దవాళ్ళలో సోడియం పడగొడతాయి, సోడియం తగ్గితే అచ్చం మతిపోయినట్టే ఉంటారు. బీ12 కూడా, ఆయనకి షుగర్ ఉందన్నారుగా, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, కాళ్ళ మంటలు కూడా దానివల్లే అయ్యుండొచ్చు, అప్పుడు అమిట్రిప్టిలిన్ అవసరమే ఉండదు. థైరాయిడ్ సరేసరి. చెవుడు ఉందేమో చూడండి, వినపడక ఊరుకున్న మనిషిని మతిమరుపు కింద రాసేసిన కేసులు బోలెడు.

ఇక ఇది డిప్రెషన్ వల్ల వచ్చిన మతిమరుపా, మతిమరుపు జబ్బుకి తోడు వచ్చిన డిప్రెషనా అన్నది. కూర్చోబెట్టి "ఇవాళ ఏ వారం మాస్టారూ" అంటే డిప్రెషన్ మనిషి అసలు ప్రయత్నమే చెయ్యకుండా "ఏమో, నాకేం తెలీదు, నా బుర్ర పనిచెయ్యట్లేదు" అంటాడు, తన మతిమరుపు గురించి తనే ఎక్కువ చెప్పుకుంటాడు. అల్జీమర్స్ మొదలైన మనిషి నవ్వేసి "రిటైరైనవాడికి వారాలతో పనేముంది" అని దాటేస్తాడు, కంప్లైంట్ ఇంట్లోవాళ్ళది, ఆయనది కాదు. ఇది గీత గీసినట్టు ఉండదు, రెండూ కలిసి ఉండేవాళ్ళే ఎక్కువ. డిప్రెషన్ తగ్గి మతిమరుపు కూడా పోయినట్టు కనిపించే కేసుల్ని సూడోడిమెన్షియా అనేవాళ్ళు, 1961లో కైలో అనే ఆయన రాసిన పేపర్‌తో ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది, కానీ తర్వాత తర్వాత తెలిసిందేంటంటే అలా బాగైనవాళ్ళలో కూడా చాలామందికి కొన్నేళ్ళకి నిజం డిమెన్షియా వచ్చింది. కాబట్టి బాగైనా ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే.

ఇంకోటి, ఉదాసీనత వేరు డిప్రెషన్ వేరు. ఏ పనీ చెయ్యరు, అడిగితే "ఊఁ" అంటారు, కానీ బాధ లేదు ఏడుపు లేదు, మనవడొస్తే నవ్వుతారు, పెట్టింది తినేస్తారు. అది మతిమరుపు జబ్బులో వచ్చే ఉదాసీనత, దానికి డిప్రెషన్ లెక్కన ట్రీట్‌మెంట్ పెడితే డబ్బులు దండగ. మీ నాన్నగారి గురించి రాసినదాన్ని బట్టి "మీకు భారమైపోయాను, నేను పోతే మీరన్నా బాగుపడతారు" అంటున్నారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు, కాబట్టి ఇది డిప్రెషనే.

మతిమరుపు పరీక్ష తెలుగులోనే చేయించండి. ఏసీఈ అనే పరీక్షని తెలుగుకి తగ్గట్టు మార్చి పెట్టారు, హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి టీమ్ ఆ తెలుగు పరీక్షతో బోలెడు పని చేసింది (2013లో రెండు భాషలు వచ్చినవాళ్ళకి డిమెన్షియా నాలుగున్నరేళ్ళు లేటుగా వస్తోందని చెప్పిన పేపర్ వాళ్ళదే). మీ నాన్నగారి విషయంలో ఒక తిరకాసుంది, లెక్కల మాస్టారు కాబట్టి "వందలోంచి ఏడు తీసేస్తూ పోండి" అంటే నిద్రలో కూడా చెప్పేస్తారు, మార్కులు బాగా వచ్చాయని అంతా బాగున్నట్టు కాదు. ట్రీట్‌మెంట్‌కి ముందు ఒకసారి, అయిపోయిన రెండు మూడు నెలలకి ఒకసారి, అదే మనిషి చేత అదే పరీక్ష చేయించాలి. లేకపోతే రేపు ఏది జరిగినా "షాక్ వల్లే" అని తమ్ముడు, "లేదు ముందే ఉంది" అని మీరు, ఇంట్లో పంచాయితీ తెగదు.

మందులు ఎందుకు పనిచెయ్యలేదు అన్నారు. అల్జీమర్స్‌తో పాటు ఉన్న డిప్రెషన్‌కి సెర్ట్రలిన్, మిర్టజపైన్ ఇచ్చి చూసిన ఇంగ్లండ్ ట్రయల్ ఒకటి 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 326 మంది, రెండు మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ మెరుగు కాలేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం ఎక్కువ వచ్చాయి. ఎంసీఐ స్టేజ్‌లో అంత నిరాశ అక్కర్లేదు గానీ మూడో మందు, నాలుగో మందు అని ఏడాది లాగడం కంటే మెషిన్ గురించి ఆలోచించడం సబబే.

టీఎంఎస్ సంగతి చెప్తా. తల మీద పెట్టే కాయిల్‌లో, అంటే తీగచుట్టలో, కరెంటు క్షణంలో వచ్చి క్షణంలో పోతూ ఉంటే అయస్కాంత క్షేత్రం పుట్టి పుర్రె దాటి వెళ్ళి మెదడు పైపొరలో చిన్న కరెంటు పుట్టిస్తుంది, రెండు మూడు సెంటీమీటర్ల లోతు, అంతే. 1985లో ఇంగ్లండ్ షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ మొదట చేసి చూపించాడు, డిప్రెషన్‌కి వాడటానికి అమెరికాలో మందులకీ మెషిన్లకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2008లో ఒప్పుకుంది. మత్తు లేదు, ఉపవాసం లేదు, ఈసీటీలోలా కావాలని ఫిట్ తెప్పించడం లేదు. మొదటిరోజు తలకి టోపీ పెట్టి కొలిచి, చెయ్యిని నడిపించే చోట కాయిల్ పెట్టి పవర్ పెంచుకుంటూ పోతారు, ఎక్కడైతే కుడిచేతి బొటనవేలు టక్కున ఎగురుతుందో అది ఆయన కొలత. ఆ కొలతకి సాధారణంగా 120 శాతం పవర్ పెట్టి ఎడమ నుదుటి పైభాగంలో ఇస్తారు. పాత పద్ధతిలో సెషన్‌కి 37 నిమిషాలు, తీటా బర్స్ట్ అనే కొత్త పద్ధతిలో మూడు నాలుగు నిమిషాలే. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు.

పెద్దవాళ్ళలో ఒక చిక్కుంది, మెదడు కుంచించుకుపోతే పుర్రెకీ మెదడుకీ మధ్య దూరం పెరుగుతుంది, కాయిల్ శక్తి దూరం పోయేకొద్దీ గబగబా పడిపోతుంది. పైగా చెయ్యి నడిపే భాగం కంటే నుదుటి వెనక భాగం ఎక్కువ కుంచించుకుపోయుంటే బొటనవేలు కొలత ప్రకారం ఇచ్చిన డోసు అక్కడికి చాలకపోవచ్చు. ఎమ్మారై ఉంది కదా, అది చూసి డోసు సెట్ చేస్తారా అని టీఎంఎస్ సెంటర్లో అడగండి, "ఎందుకండీ, అందరికీ ఒకటే" అంటే వేరే చోటు చూసుకోండి.

పనిచేస్తుందా అంటే, టొరంటోలో 60 దాటిన 172 మందికి రెండువైపులా ఇచ్చి, 47 నిమిషాల పాత పద్ధతిని నాలుగు నిమిషాల తీటా బర్స్ట్‌తో పోల్చారు, 2022లో వచ్చింది. రెండిట్లోనూ దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ పూర్తిగా తగ్గింది. వయసు ఎక్కువైతే పనిచెయ్యదు అనే పాత మాటకి కాలం చెల్లింది, 2024లో బ్రెయిన్స్‌వే అనే కంపెనీ మెషిన్‌కి ఎఫ్‌డీఏ వయసు పరిమితిని 68 నుంచి 86కి జరిపింది. కానీ గమనించండి, ఈ ట్రయల్స్‌లో డిమెన్షియా ఉన్నవాళ్ళని తీసుకోలేదు, ఎంసీఐ దాకా ఈ లెక్కలు నమ్మొచ్చు, ముదిరిన డిమెన్షియాకి ఇవే అంకెలు అంటగట్టకూడదు. జ్ఞాపకానికి చెడు చేసినట్టు మాత్రం ఎక్కడా కనపడలేదు.

అసలు కష్టం కుర్చీలో మొదలవుతుంది. కాయిల్ టకటకమని గట్టిగా కొడుతుంది కాబట్టి చెవుల్లో ప్లగ్గులు పెట్టాలి, హియరింగ్ ఎయిడ్ తీసెయ్యాలి, తీశాక మనం చెప్పేది ఆయనకి వినపడదు, భయపడి లేవబోతారు. అందుకని ముందే చేతి సైగలు నేర్పిస్తాం, పెద్దక్షరాల్లో ఒక అట్ట మీద "ఇంకా 2 నిమిషాలే" అని రాసి కళ్ళముందు పెడతాం. కట్టుడు పళ్ళు ఒక్కోసారి దవడ అదిరి పటపటలాడతాయి, వాటిని కూడా తీయించడం మంచిది. నిద్రలోకి జారిపోతే తల కదిలి కాయిల్ పక్కకి పోతుంది, పక్కన ఒకళ్ళు మాట్లాడుతూ ఉండాలి. ఇక మతిమరుపు ఉన్నాయన రోజూ "నన్నెందుకు తీసుకొచ్చార్రా" అనే అడుగుతారు, నిన్నటి సెషన్ గుర్తుండదు, రోజూ అదే మనిషి తీసుకొస్తే, అదే టైమ్, అదే కుర్చీ అయితే వారం తిరిగేసరికి పేచీ తగ్గుతుంది. మీరు తెనాలి నుంచి రోజూ విజయవాడ తిప్పుతా అన్నారు, ఆరు వారాలు ఆ ప్రయాణం ఆయన తట్టుకుంటారా, మీ ఉద్యోగం తట్టుకుంటుందా చూసుకోండి. మధ్యలో వారం మానేసి మళ్ళీ మొదలెట్టడం వల్ల ఉపయోగం తక్కువ.

గుండెలో స్టెంట్, మోకాలి చిప్ప మార్పిడి, కంట్లో లెన్స్, పళ్ళలో సిమెంట్, వీటికేం భయం లేదు. తలలో క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే వద్దు, పేస్‌మేకర్ ఉంటే కార్డియాలజిస్ట్ మాట లేకుండా కూర్చోబెట్టరు. తలనొప్పి, కాయిల్ పెట్టిన చోట నొప్పి మామూలే. ఫిట్ రావడం వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటుంటే, రాత్రంతా నిద్ర లేకపోతే ఆ సంగతి టెక్నీషియన్‌కి చెప్పి తీరాలి.

ఇప్పుడు మీ తమ్ముడి భయం గురించి. సినిమాల్లో నలుగురు కాళ్ళు చేతులు పట్టుకుని, మనిషి గిలగిలా కొట్టుకుంటుంటే ఇచ్చేది చూసి పెరిగాం అందరం. ఈసీటీ 1938లో రోమ్‌లో మొదలైంది, అప్పట్లో మత్తు లేకుండా ఇచ్చిన మాట నిజమే. మన దేశంలో 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 95వ సెక్షన్ ప్రకారం మత్తు, కండరాలు వదులు చేసే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. ఇప్పుడు జరిగేది ఇదీ: ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా పొద్దున్నే వస్తారు, బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్ళతో వేస్తాం. కట్టుడు పళ్ళు తీస్తాం, నోట్లో మెత్తటి రబ్బరు దిమ్మ పెడతాం. మత్తిచ్చాక, కండరాలు వదులు చేసే మందు ఇచ్చే ముందు ఒక కాలి మీద బీపీ పట్టీ బిగిస్తాం, ఆ మందు ఆ పాదంలోకి పోదు. ఫిట్ వచ్చినప్పుడు ఒళ్ళంతా నిశ్చలంగా ఉండి ఆ ఒక్క పాదం వేళ్ళు సన్నగా అదురుతాయి, మేం గడియారం చూసి లెక్కపెట్టేది దాన్నే, ఇంకోపక్క మెదడు తరంగాలు చూపించే ఈఈజీ నడుస్తుంది. నిమిషం అటూ ఇటూ అయిపోతుంది. పది పదిహేను నిమిషాలకి కళ్ళు తెరుస్తారు, అరగంట గంట అయోమయంగా ఉంటారు. ఆ టైమ్‌లో "నేనెవర్ని నాన్నా, చెప్పు" అని క్విజ్ పెట్టకండి, ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చోండి, కళ్ళజోడు పెట్టండి.

పనితనం విషయంలో దీని ముందు ఇంకేదీ నిలబడదు. అమెరికాలో 60 దాటిన 240 మందికి తలకి కుడివైపు మాత్రమే, అతి చిన్న కరెంటు పల్స్‌తో (అల్ట్రాబ్రీఫ్ అంటారు), వెన్లాఫాక్సిన్ మందు కలిపి ఇస్తే దాదాపు 62 శాతం మందికి డిప్రెషన్ పూర్తిగా పోయింది, 2016లో వచ్చిన ప్రైడ్ అనే స్టడీ అది. టీఎంఎస్ మూడోవంతు ఎక్కడ, ఇదెక్కడ. ఇందులో కూడా డిమెన్షియావాళ్ళు లేరు, డిమెన్షియావాళ్ళలో ఈసీటీ గురించి మనకున్నవన్నీ చిన్న చిన్న స్టడీలే, వాటిలో మూడ్ బాగుపడుతుంది గానీ సెషన్ తర్వాతి అయోమయం కొందరిలో ఎక్కువసేపు ఉంటుంది.

జ్ఞాపకం పోదా అంటే, కొంత పోతుంది, దాచాల్సిన పనిలేదు. ట్రీట్‌మెంట్ జరిగిన వారాల సంగతులు, అంతకు ముందు కొన్ని నెలల సంగతులు కొన్ని మసకబారొచ్చు, కొన్ని తిరిగి రాకపోవచ్చు. కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి మొదటి రోజుల్లో తగ్గి తర్వాత కోలుకుంటుంది, 84 స్టడీలు కలిపి 2010లో లెక్కేస్తే రెండు వారాలు దాటాక చాలా పరీక్షల్లో మొదటికంటే మెరుగ్గానే చేశారు, ఎందుకంటే అప్పటిదాకా డిప్రెషన్ లాగేసిన ధ్యాస తిరిగొచ్చింది. డెన్మార్క్‌లో లక్షన్నర పైచిలుకు పేషెంట్ల రికార్డులు చూసి 2018లో చెప్పిందేంటంటే ఈసీటీ తీసుకున్నవాళ్ళలో డిమెన్షియా రావడం ఎక్కువేమీ లేదు. మతిమరుపు ఉన్న మనిషికి నష్టం తగ్గించే మార్గాలున్నాయి, కుడివైపు మాత్రమే పెట్టడం, అల్ట్రాబ్రీఫ్ పల్స్ వాడటం, వారానికి మూడు బదులు రెండు చొప్పున ఇవ్వడం, అయోమయం పెరిగితే గ్యాప్ ఇవ్వడం. మన దగ్గర చాలా చోట్ల రెండువైపులా పెట్టడమే అలవాటు, త్వరగా పనిచేస్తుంది గానీ జ్ఞాపకం మీద దెబ్బ ఎక్కువ, కాబట్టి ఈ మాట నోరు తెరిచి అడగాలి.

ఈ మధ్య "టీఎంఎస్‌తో మతిమరుపు మాయం" అని యాడ్లు కనిపిస్తున్నాయి, నమ్మకండి. రోమ్‌లో 50 మంది అల్జీమర్స్ వాళ్ళకి మెదడు వెనకభాగంలో ప్రికూనియస్ అనే చోట ఇచ్చి 24 వారాల్లో జబ్బు నెమ్మదించిందని 2022లో రాశారు, ఆశ పుట్టించేదే, కానీ అది నెమ్మదించడం, మాయం కాదు, మీ ఊళ్ళో ఇచ్చే డిప్రెషన్ టీఎంఎస్ అదీ కాదు. టీడీసీఎస్ అని నుదుటి మీద రెండు మిల్లీఆంప్‌ల కరెంటు పంపే చిన్న పెట్టె ఇంకోటి, టొరంటోలో 375 మంది మీద దాన్ని బ్రెయిన్ ట్రైనింగ్‌తో కలిపి ఐదేళ్ళు చూశారు, డిప్రెషన్ తగ్గిపోయి ఉన్న పెద్దవాళ్ళలో మతి క్షీణించడం నెమ్మదించింది. అది డిప్రెషన్ తగ్గాక వచ్చే ఘట్టం, ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో తలకి తగిలించుకునేది మాత్రం కాదు.

మీ నాన్నగారి విషయంలో నేనైతే ఇలా చేస్తా. ఇప్పుడు తక్కువైనా తింటున్నారు, కుర్చీలో కూర్చోగలరు, మాట వింటారు. మందులు సర్దుబాటు చేసి నెల చూసి, అప్పటికీ ఇలాగే ఉంటే టీఎంఎస్ పూర్తి కోర్సు, ఇరవై సెషన్ల దగ్గర డిప్రెషన్ ఎంత తగ్గిందో స్కేలు వేసి చూసి చుక్క మార్పు లేకపోతే ఇంకో నలభై అని లాగకుండా ఈసీటీకి వెళ్ళడం. కానీ ఈలోపు అన్నం నీళ్ళు మానేసినా, బరువు దిగజారినా, "పేగులు కుళ్ళిపోయాయి, డబ్బంతా పోయింది, పోలీసులొస్తారు" లాంటి భ్రమలు మొదలైనా, చచ్చిపోవడానికి ఏదన్నా ప్రయత్నం చేసినా టీఎంఎస్ మాట మర్చిపోండి, నేరుగా ఈసీటీ, అక్కడ ఆరు వారాలు ఆగే టైమ్ ఉండదు. ఇంట్లో పురుగుమందు, నిద్రమాత్రల స్ట్రిప్పులు ఇవాళే తాళం వెయ్యండి. రాత్రిపూట ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు.

ఏది చేసినా అక్కడితో అయిపోదు, తర్వాత మందు కొనసాగించాలి, ఈసీటీ అయితే నెలకో రెండు వారాలకో ఒకటి చొప్పున కొన్నాళ్ళు ఇవ్వాల్సి రావచ్చు, లేకపోతే తిరగబెట్టేవాళ్ళు చాలామంది. సంతకం ఆయనదే తీసుకోవాలి, మతిమరుపు ఉన్నంత మాత్రాన ఆయన బదులు మీరు పెట్టెయ్యడం కుదరదు, విషయం చెప్పి అర్థమైందో లేదో అడిగి చూస్తారు. ఆ మాట్లాడేటప్పుడు మీ తమ్ముణ్ణి కూడా గదిలోకి తీసుకెళ్ళండి, వీలుంటే ఈసీటీ రికవరీ రూమ్ ఒకసారి చూపించమని అడగండి. డబ్బు విషయానికొస్తే ఇన్సూరెన్స్‌లో మానసిక జబ్బులు కవర్ చెయ్యాలని అదే 2017 చట్టంలో ఉంది, కాకపోతే టీఎంఎస్ అడ్మిషన్ లేకుండా చేసేది కాబట్టి చాలా పాలసీల్లో రాదు, ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈసీటీ, టీఎంఎస్ రెండూ ఉన్నాయి, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ, అక్కడ చుట్టాలెవరన్నా ఉంటే ఆలోచించండి. ప్రైవేటులో ముప్పై సెషన్ల ప్యాకేజీ మొత్తం ముందే కట్టమంటే కట్టకండి, పది పది చొప్పున కడతామని అడగండి, ఒప్పుకునేవాళ్ళు ఉంటారు.